బుట్ట మోసే మేనమామ, సంతకం అడిగే తమ్ముడు

పేరు, ఊరు రాయొద్దన్న ఈ పాఠకురాలికి 48 ఏళ్లు. పుట్టిల్లు పశ్చిమ గోదావరిలో కాలువ కింద పల్లె, అత్తిల్లు మరో జిల్లాలో చిన్న టౌను. నలుగురు తోబుట్టువుల్లో మూడో ఆవిడ. పైన అక్క, అన్నయ్య, కింద తమ్ముడు. తండ్రి బడిపంతులుగా రిటైరై ఐదేళ్ల క్రితం పోయారు. వీలునామా రాయలేదు. ఆయన పేర ఐదెకరాల మాగాణి ఉంది. అందులో మూడెకరాలు 1971లో తాతగారితో, చిన్నాన్నతో పంపకాలు జరిగినప్పుడు ఆయన వాటాకి వచ్చినవి. రెండెకరాలు 1996లో జీతం డబ్బులు కూడబెట్టి కొన్నవి. ఇల్లు మొదటినుంచీ అమ్మ పేరనే ఉంది. అన్నయ్యది హైదరాబాదులో ఉద్యోగం. తమ్ముడు ఊళ్లోనే ఉండి ఆ పొలం చేస్తున్నాడు, అమ్మ అతని దగ్గరే.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ హక్కు విడుదల దస్తావేజు రాయించారు. అక్క పోయినేడే సంతకం పెట్టేసింది. "నీ పెళ్లి 84లో అయింది, 85కి ముందు పెళ్లయినవాళ్లకి చట్టంలో హక్కు లేదు" అని ఆమెకి చెప్పారట. ఇక ఈమె సంతకమే మిగిలింది. మాఘంలో ఈమె కూతురి పెళ్లి. తమ్ముడు నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ మరదలు ఫోన్లో అన్నదట: "ఆ కాయితం పని ముందే అయిపోతే ఏ బరువూ లేకుండా బుట్ట మోస్తారు వదినా." అమ్మేమో "ఎకరం చెక్క కోసం పుట్టిల్లు పోగొట్టుకుంటావా తల్లీ" అంటోంది. భర్త మాట వేరు: "వదలడానికి వీల్లేదు. నీ వాటా అమ్మితే పెళ్లి అప్పు తీరిపోతుంది."

ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు ఒక వాక్యం ఉంది. "2009లో మా ఆయన వాళ్ల పంపకాలప్పుడు మా ఆడపడుచు మారుమాట లేకుండా సంతకం పెట్టింది. ఆ రోజు పాయసం చేసింది నేనే." ఆ తర్వాత ప్రశ్న: "నేను అడిగితే అత్యాశా? అడక్కపోతే చేతకానితనమా?"

*

పదకొండు పేజీలు రాశారు. అందులో "నా వాటా అసలు ఎంత" అన్న ప్రశ్న ఎక్కడా లేదమ్మా. ఎకరం చెక్క అని అమ్మ అన్నమాటే మీరూ రాశారు. కాబట్టి ముందు లెక్క చూద్దాం. దేన్ని వదులుకుంటున్నామో, దేన్ని అడుగుతున్నామో తెలియాలి కదా.

నాన్నగారి సొంత రెండెకరాలు తేలిక. వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి, నలుగురు పిల్లలకి సమానంగా తలా 40 సెంట్లు. పంపకాల్లో వచ్చిన మూడెకరాలు ఉమ్మడి ఆస్తి కింద లెక్క. కేంద్రం తెచ్చిన సవరణ వల్ల 2005 సెప్టెంబరు 9 నుంచి కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే అందులో భాగస్తురాలు. నాన్నగారు పోయే ముందురోజు పంచారని అనుకోండి: ఆయనకో పాలు, మీ నలుగురికి నాలుగు పాళ్లు. తలా 60 సెంట్లు. మన ప్రాంతపు ధర్మశాస్త్ర ఆచారంలో ఈ పంపకంలో భార్యకి విడిగా పాలు లేదు. తర్వాత నాన్నగారి 60 సెంట్లు మళ్లీ మీ ఐదుగురికి, తలా 12. మొత్తం మీద మీకు ఎకరం 12 సెంట్లు, అమ్మకి 52 సెంట్లు.

1971 పంపకాల కాగితం మీరు ప్రస్తావించడం మంచిదయింది. అదే పొలం తాతగారు 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి, ఆయన సొంత ఆస్తిగా నాన్నగారికి వచ్చి ఉంటే లెక్క మారేది. అప్పుడది నాన్నగారి సొంతం కిందే పోయి, ఐదెకరాలూ ఐదుగురికి సమానమయ్యేవి. అమ్మకి 52 సెంట్ల బదులు ఎకరం దక్కేది. తాత ఆస్తి అనగానే ఉమ్మడి అని అందరూ అనేస్తారు. అది ఎలా చేతులు మారిందో చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఆ పాత కాగితం నకలు సంపాదించండి.

ఇప్పుడు అక్క సంగతి. ఆమెకి చెప్పింది ఒకప్పటి నిజం. 1951లో హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలక అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాల్లో 1956 నాటిది కూతురిని తండ్రి సొంత ఆస్తికి వారసురాలిని చేసింది గానీ, ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కొడుకులకే ఉంచేసింది. ఆ గోడని మన రాష్ట్రం ముందే కొట్టింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకి సమాన పాలు ఇచ్చింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లని బయట ఉంచింది. మీ అన్నదమ్ములు ఆగింది అక్కడే. 2005 కేంద్ర చట్టానికి పెళ్లి ఎప్పుడయిందన్నదానితో పని లేదు. పైగా 84లో పెళ్లయినా, 64లో పెళ్లయినా, నాన్నగారు సొంతంగా కొన్న రెండెకరాల్లో అక్క వాటాకి ఎప్పుడూ ఢోకా లేదు.

అంటే ఆమె సంతకం తప్పుడు మాట మీద పెట్టింది. అలాంటి దస్తావేజుని రద్దు చేయమని కోర్టుని అడగొచ్చు. అసలు సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు అడగాలి. అది ఆమె నిర్ణయం, మీరు ఆమె తరఫున యుద్ధం మొదలుపెట్టొద్దు. అయితే సంగతి ఆమెకి చెప్పకుండా దాచడం కూడా ఒక నిర్ణయమే అవుతుంది. చెప్పండి.

"మేమిద్దరం 2003లోనే నోటిమాటగా పంచేసుకున్నాం" అని అన్నయ్య అన్నారని రాశారు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పారీఖత్తు (పంపకాల దస్తావేజు) గానీ, కోర్టు డిక్రీ గానీ ఉంటే చట్టం దాన్ని కదపదు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో నోటి పంపకాల సంగతి తేల్చింది. సర్కారు కాగితాల సాక్ష్యంతో నిలబడే ఏదో అరుదైన సందర్భంలో తప్ప ఉత్త నోటిమాట చెల్లదంది. ఇక పాసుపుస్తకం తమ్ముడి పేరుకి మారిపోయిందన్న భయం. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన మీ హక్కు పోదు. అయితే ఆ పేరు చూపించి ఎవరికైనా అమ్మొచ్చు, బ్యాంకులో పెట్టొచ్చు. అందుకని ఒకసారి రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ పొలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించండి, మీభూమి వెబ్‌సైట్లో వన్-బీ, అడంగల్ అనే భూమి రికార్డులు చూసుకోండి. ఇదేమీ తమ్ముడి మీద నిఘా కాదు.

కట్నం మాట కూడా వచ్చిందన్నారు. 1999లో మూడు లక్షలు, పదిహేను కాసులు. ఆ మూడు లక్షలూ మీ మామగారి చేతికి వెళ్లి లారీలో వాటాగా మారాయని మీరే రాశారు. మీ చేతికి రాని డబ్బు మీ భాగం ఎలా అవుతుంది? చట్టం దాన్ని వాటా కింద లెక్కపెట్టదు, 1961 నుంచి కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమే. కానీ ఆ అప్పు తీర్చడానికి నాన్నగారితో పాటు తమ్ముడు కూడా మూడేళ్లు పడ్డాడంటే, అతని మనసులో ఆ లెక్క ఉంటుంది. మాట్లాడుకునేటప్పుడు దాన్ని వెటకారం చేయకండి.

ఇంతవరకూ చెప్పింది చట్టం. మీ ఇబ్బంది చట్టం తెలియక వచ్చింది కాదని నాకు తెలుసు. నేను ముప్పయ్యేళ్లు లా కాలేజీలో హిందూ లా చెప్పాను. 1991లో ఒకరోజు పొద్దున క్లాసులో మన రాష్ట్ర సవరణ గురించి గంటసేపు పాఠం చెప్పి, మధ్యాహ్నం రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి మా అన్నయ్యలకి సంతకం పెట్టి వచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. అడిగారంతే. వద్దనే మాట నాకు తట్టనే లేదు.

ఈ తట్టకపోవడం గురించే కొందరు పరిశోధకులు జీవితమంతా పనిచేశారు. శ్రీమతి బసు (శ్రీమతి అనేది ఆమె పేరే) ఢిల్లీ ఆడవాళ్లతో మాట్లాడి 1999లో ఒక పుస్తకం తెచ్చింది. వాటా ఎందుకు వదిలేశారంటే చాలామంది చెప్పిన కారణం పుట్టింటి రాకపోకలు. దురాశపరురాలన్న పేరు వస్తుందన్న జంకు కూడా. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ దీన్ని బీమా లెక్కన చూసింది. అత్తింట్లో ఏదైనా జరిగితే అన్నదమ్ముల గుమ్మం తెరుచుకుని ఉండాలి, ఆ బీమాకి ఆడపిల్ల కట్టే ప్రీమియమే వాటా. ఇందులో తెలివితక్కువతనం లేదు. కాకపోతే ఈ పాలసీకి కాగితం ఉండదు, షరతులు రాసుకోరు, అవసరం పడ్డప్పుడు ఇస్తారో లేదో ఇచ్చేవాళ్ల ఇష్టం. 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని మనవాళ్లు పలికే మాట ఊరికే పుట్టలేదు.

బుట్ట విషయం చూడండి. మేనమామ బుట్ట మోయడం మన పెళ్లిళ్లలో నాకెంతో ఇష్టమైన ఘట్టం. కానీ మీ మరదలి మాటలో బుట్టని, కాయితాన్ని ఒకే తాడుతో కట్టేశారు. మీరు సంతకం పెట్టకపోతే అందరి ముందూ కూతురి పెళ్లిలో ఆ స్థానం ఖాళీగా కనబడుతుంది. తమ్ముడు రాకపోతే నలుగురూ అతన్ని ఏమీ అనరు, "ఏం జరిగిందో" అని మిమ్మల్నే చూస్తారు. ఎవరు అలిగితే ఎవరికి నష్టమో ఇద్దరికీ తెలుసు. అధికారం అంటే ఇదేనండీ. ఎవరూ గొంతు పెంచక్కర్లేదు. మీ తమ్ముడు దుర్మార్గుడనీ నేను అనను. అతను ఆ మాట భార్య చేత అనిపించాడో, ఆమే అన్నదో మనకి తెలియదు. అతన్నే నేరుగా అడిగారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు.

తమ్ముడి వైపు న్యాయం కూడా ఉంది. అన్నయ్య హైదరాబాదులో, మీరిద్దరూ అత్తిళ్లలో. నాన్నగారిని ఆఖరి రెండేళ్లు మంచం మీద చూసుకుంది తమ్ముడు, అంతకన్నా ఎక్కువగా అతని భార్య. బుట్ట మాట అన్న ఆ మరదలే. ఆమె చేసిన చాకిరీకి ఏ చట్టంలోనూ సెంటు భూమి లేదు. ఆమెకి ఈ కాయితం మీద అంత పట్టు ఎందుకో నాకు అర్థమవుతోంది. పైగా ఎకరాలు చీలితే వ్యవసాయం ఎవరికీ గిట్టదు. మీ ఎకరం 12 సెంట్లు కూడా ఒక్క చోట లేదు, మూడు ముక్కల్లో ఉంది.

ఇక మీ ఆయన. "వదలడానికి వీల్లేదు" అనే మనిషి పక్కనుంటే ధైర్యంగానే ఉంటుంది. కానీ ఆ వాక్యం రెండో సగం చూశారా? అమ్మితే పెళ్లి అప్పు తీరుతుంది. అంటే ఇంకా రాని భూమికి అప్పుడే ఖర్చు రాసేశారు. అటు అన్నదమ్ముల కోసం వదులుకోవడం, ఇటు భర్త కోసం తెచ్చుకోవడం. రెండింట్లోనూ సంతకం మీదే, ఆస్తి ఇంకొకరిది. అగర్వాల్, ప్రదీప్ పండా కలిసి తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. ఇల్లు గానీ భూమి గానీ సొంతంగా లేని ఆడవాళ్లలో 49 శాతం మంది పెళ్లయ్యాక ఏదో ఒక దశలో భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. ఇల్లూ భూమీ రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. మీ ఆయన అలాంటివాడని అనడం లేదు, పొరపాటు పడకండి. తన పేర ఒక ముక్క ఉన్న మనిషితో ఇంట్లో మాట్లాడే తీరే మారుతుందని చెప్పడానికి ఈ లెక్క. వారసత్వంగా వచ్చింది మీ సొంతం, అమ్మాలో ఉంచాలో తేల్చే హక్కు మీదొక్కరిదే.

మీ ఆయన న్యాయం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఆయనతో 2009 సంగతి తీయండి. ఆ ఒక్క వాక్యం మీరు చివర్లో ఎందుకు పెట్టారో నాకు తెలుసు. మీ ఆడపడుచు ఆ రోజు కూర్చున్న పీట మీదే ఇవాళ మీరు కూర్చున్నారు. మీరు పాయసం చేసిన పూట ఆమె మీ గురించి ఏమనుకుందో? ఆమె మీద ఇప్పుడు జాలిపడమని అనడం లేదు. ఆమెకి ఫోన్ చేసి "ఆ రోజు నీకేమనిపించింది" అని అడగండి. బహుశా ఏమీ అనిపించలేదంటుంది. నన్నడిగినా అదే చెప్పేదాన్ని. ఆమెకి వాటా తిరిగి ఇచ్చే స్తోమత మీకు ఉండకపోవచ్చు. మీ ఆయన చేత కనీసం ఆ మాట బయటికి అనిపించగలిగితే మాత్రం, పుట్టింటికి వెళ్లి కూర్చున్నప్పుడు మీ గొంతు వేరేగా ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

సంతకం పెట్టేయొచ్చు. అది ఓటమి కానక్కర్లేదు. ఎకరం 12 సెంట్లని తెలిసి, మరదలి చాకిరీకి గుర్తుగా మనస్ఫూర్తిగా ఇస్తే దాని విలువ వేరు. కానీ ఒకసారి రిజిస్టరయ్యాక మనసు మారితే మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు, కోర్టుకే వెళ్లాలి. దస్తావేజులో "నా వాటాకి ప్రతిఫలం నగదుగా ముట్టినది" అని రాసి ఉంటే, నిజంగా ముట్టకపోతే సంతకం పెట్టకండి. షెడ్యూల్లో ఏ ఏ సర్వే నంబర్లు ఉన్నాయో, ఎవరి పేర విడుదల చేస్తున్నారో చదవండి. అన్నయ్య ఆ పొలంలో ఏనాడూ కాలు పెట్టలేదు. తమ్ముడి కష్టం పేరు చెప్పి మీరు ఇచ్చేదాంట్లో సగం అన్నయ్యకి ఎందుకు పోవాలో అడగొచ్చు.

వాటా పేరు మీద ఉంచుకుని, సాగు తమ్ముడికే వదిలేయొచ్చు. కౌలు తక్కువగా మాట్లాడుకోండి, మొదటి కొన్నేళ్లు అసలు వద్దనండి. నాకు మనసుకి దగ్గరగా ఉన్న దారి ఇది. దీనికో చిక్కుంది. తమ్ముడు సొంత పొలంలో కౌలుదారుగా మారినట్టు నొచ్చుకుంటాడు. సీసీఆర్సీ కార్డు (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు కార్డు) కోసం ఏటా మీ సంతకం అడగాల్సి వస్తే ఆ నొప్పి ఏటా కొత్తగా ఉంటుంది. మీ తర్వాత మీ పిల్లలు, అతని పిల్లలు ఏం చేస్తారన్నది ఇంకో సమస్య.

లేదా వాటాకి ధర కట్టి, అమ్మానాన్నల్ని చూసుకున్నందుకు కొంత తగ్గించి, మిగతాది విడతలుగా తీసుకోవచ్చు. ఇందులో ఆ చాకిరీకి కూడా ఒక లెక్క దొరుకుతుంది, మరదలు దీనికి ఒప్పుకునే అవకాశం ఎక్కువని నా అంచనా. ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తుందో ముందే తేల్చుకోండి.

కోర్టు దారి ఉంది. పంపకాల దావా గెలవడం మీకు కష్టం కాదు, పూర్తికావడం కష్టం. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, మళ్లీ పొలం విడగొట్టే ఫైనల్ డిక్రీ, మధ్యలో ఏళ్లు. అంతకుముందు మెట్టొకటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, దావా వేయకుండానే లోక్ అదాలత్‌కి పిలిపిస్తారు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. ఊళ్లో పెద్దమనుషులకన్నా ఇది నయం, వాళ్లలో సగంమంది తమ చెల్లెళ్ల చేత సంతకాలు పెట్టించుకున్నవాళ్లే అయి ఉంటారు. కానీ నోటీసు ఇంటికి వెళ్లిన రోజు అమ్మ ఏడుస్తుంది. అది భరించగలరా అన్నది మీరే చూసుకోవాలి.

ఏ దారి పట్టినా అమ్మ 52 సెంట్లు, ఆమె పేరనున్న ఇల్లు మర్చిపోకండి. మీ తర్వాత ఆమె చేత కూడా సంతకం పెట్టించడం ఖాయం. ఆమె రాసివ్వాలనుకుంటే, తనని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేయించుకునే వీలుంటుంది. ఈ మాట అమ్మకి మీరు చెప్పాలి, అక్క కూడా పక్కనుంటే మంచిది.

మాఘం లోపే ఏదో ఒకటి తేల్చాలన్న తొందర మీది కాదు. చట్టంలోనూ అలాంటి గడువేం లేదు. మొదటి శుభలేఖ పుట్టింట్లో ఇవ్వడానికి వెళ్తారు కదా, ఆ రోజు తమ్ముడితో ఒక్కడితో, వీలైతే పొలం గట్టు మీద, రెండు మాటలు విడివిడిగా చెప్పండి. బుట్ట నువ్వే మోయాలిరా, అది ఒకటి. కాయితం సంగతి పెళ్లయ్యాక, పాత పంపకాల కాగితం నేను చూశాక మాట్లాడుకుందాం, ఇది రెండోది. అతని మొహం ఎలా మారుతుందో చూడండి. ఆ డ్రాఫ్టు ఇంకా చదవలేదని రాశారు, అది మాత్రం ఇవాళే వాట్సాప్‌లో పంపమనండి.